పసుపు అద్దిన లేఖ

అనగనగా, తాటాకుల మీద రాజ్యాలు నడిచిన కాలంలో, కుందనపురమనే నగరాన భావన్న అనే ఆస్థాన లేఖకుడు ఉండేవాడు.

శుభవార్త వ్రాస్తే ఆకు నాలుగు కొసలకూ పసుపు అద్దాలి. చావు కబురైతే అద్దరాదు. అది ఆ దేశాచారం. దినానికి నూరు లేఖలు! వ్రాసి వ్రాసి భావన్న వేళ్లు కాయలు కాచాయి. చివరకు ఒక వడ్రంగి చేత మరబొమ్మను చేయించుకున్నాడు. విషయం చెవిలో చెబితే చాలు, బొమ్మే వ్రాసేది, పసుపు అద్దేది, ముద్ర వేసేది.

"అయ్యా, దీనికి చేతులిచ్చాను గాని మంచిచెడ్డలెరిగే చూపునివ్వలేకపోయాను. పంపేముందు తమరొకసారి చూసుకోవాలి" అన్నాడు వడ్రంగి.

"నీ బొమ్మ మీద నీకే నమ్మకం లేదటోయ్!" అని నవ్వాడు భావన్న.

మొదటినాడు పెళ్లి కబురు వెళ్లింది, పసుపు అమరింది. రెండవనాడు పురుటి కబురు, అదీ అమరింది. మూడవనాడు సరిహద్దు పోరులో నేలకొరిగిన ఒక భటుని కబురు. భావన్న తాంబూలం నములుతూ ఆ ఆకు వంక చూడనైనా లేదు.

మర్నాడు ఓబుళమ్మ అనే ముసలమ్మ ఆ లేఖతో, అరిసెల మూటతో వచ్చింది.

"మా పల్లెలో చదివేవారు లేరు బాబూ. పసుపు చూసి పరుగెత్తుకొచ్చాను. పోరుకు వెళ్లిన మా అబ్బాయి బయ్యన్న ఎప్పుడొస్తాడో చెప్పు. ఉండుండు, ముందు ఈ అరిసె తిని, నోరు తీపి చేసుకుని మరీ చెప్పాలి!"

భావన్న లేఖ విప్పి చూశాడు. అక్షరమొక్కటీ తప్పలేదు. పసుపే అబద్ధం. తల దించుకుని చదివాడు.

అరిసెల మూట జారిపోయింది. ఆమె ఏడవలేదు. కొంగుతో ఆ నాలుగు కొసలూ తుడిచింది. పసుపు పోలేదు.

సంగతి రాజుగారి చెవిన పడింది.

"బొమ్మ చేసిన తప్పు ప్రభూ! పగలగొట్టిద్దాం" అన్నాడు మంత్రి. కొలువంతా తలలూపింది. భావన్న నోరు మెదపకుంటే చాలు, గండం గడిచేది. కాని ఆ లేఖ విప్పినప్పుడు తన వేళ్లకంటిన పసుపు అతనికి కనబడింది.

"ప్రభూ, బొమ్మకేం తెలుసు? చూడవలసిన కళ్లు నావి. ఆ తల్లికి ఒక్కపూట దొంగ సంతోషాన్ని పంపిన పాపిని నేను. దండన నాకే తగును."

అప్పుడు రాజు తీర్పు చెప్పాడు.

"తప్పు తనదన్న వాడి చేతిలోనే ఘంటం ఉండాలి. పెళ్లి పిలుపులు బొమ్మ వ్రాయనీ, నీవు చూసి పంపు. చావు కబురు మాత్రం నీ చేత్తో వ్రాసి, నీవే నడిచి వెళ్లి చెప్పు."

నాటినుంచి భావన్న ఏ గడప ముందు నిలిచినా మొదట తల దించుకునేవాడు. అరిసె మళ్లీ ముట్టలేదు.

కనుక పిల్లలారా, చేతిపనిని మరకు అప్పగించవచ్చు గాని, చూడవలసిన చూపును అప్పగించరాదు.