అసిరమ్మ తట్టెడు మట్టి

కాకులు తెల్లగా ఉండే కాలం. పోనీ, అంత పాతది కాదు. కాకులు అప్పుడప్పుడే నల్లబడుతున్న కాలం. ఆ కాలంలో పడుగులపేట అని ఒక నేతగాళ్ల ఊరు.

బట్ట నేయాలంటే ముందు నూలుని పొడుగ్గా సాగదీసి గంజి పెట్టాలి. ఎండాకాలం వీధి చాలు. వానొస్తే? గంజి కారిపోతుంది, నూలు పాడైపోతుంది, పొయ్యిలో పిల్లి పడుకుంటుంది.

అందుకని ఊరంతా కలిసి పొడుగాటి పాక ఒకటి వేసుకున్నారు. ఎక్కడ? కప్పలు తప్ప ఎవరూ కోరని గోతిలో. తట్టలతో మట్టి మోసి మోసి గొయ్యి పూడ్చారు. మొదటి తట్ట అసిరమ్మది. ఆవిడకి మగ్గం లేదు, మనిషి తోడు లేదు. ఊళ్లో ఎవరి గోడ లేచినా మట్టి మోసే తట్ట ఒక్కటే ఆవిడ ఆస్తి. తర్వాత ఒకరు గుంజలిచ్చారు, ఒకరు వెదుళ్లు, ఒకరు తాటాకులు. ఊరి పెద్ద వల్లభదొర మాత్రం సలహా ఇచ్చాడు.

మొదటి వానకి దొర తన ఎద్దుని తెచ్చి పాకలో కట్టేశాడు. ఊరేమంది? “పోనీలే, పెద్దమనిషి” అంది.

రెండో వానకి ధాన్యం బస్తాలు దింపాడు. ఊరేమంది? మీకు తెలుసు. “పోనీలే, పెద్దమనిషి” అంది.

మూడో వానకి నులకమంచం తెచ్చి నట్టనడుమ వాల్చుకుని, పాక తనదేననీ, నూలు ఎత్తేయమనీ చెప్పాడు. ఊరు నోరు తెరిచింది. “పోనీ...” దాకా వచ్చేసింది కూడా.

అప్పుడు అసిరమ్మ తట్టతో ముందుకొచ్చింది. “పాక తమరిదే దొరబాబూ. నా తట్టెడు మట్టి నాకిప్పించండి.”

దొర పొట్ట పట్టుకుని నవ్వాడు. “తీసుకోవే. ఎవరిది వాళ్లు పట్టుకుపోండి. నాకు మట్టికి కరువా?”

ఊరందరి ఎదుటా అనేశాడు. ఇంకేముంది, అసిరమ్మ తట్టెడు మట్టి తవ్వుకుని నడిచింది. తాటాకులిచ్చినవాళ్లు పైకెక్కారు. వెదుళ్లిచ్చినవాళ్లు వెదుళ్లు లాగారు. గుంజలిచ్చినవాళ్లు గుంజలు పీకారు. ఎద్దునీ బస్తాల్నీ భద్రంగా దొర వాకిట్లో దించి వచ్చారు. అవి దొరవి కదా మరి.

దొర మంచం దిగలేదు. దిగితే ఓడినట్టట. సరేనని మట్టి మోసినవాళ్లంతా చుట్టూ తవ్వారు. మంచం కింద తవ్వాల్సి వచ్చినప్పుడు ఎంతో మర్యాదగా, “దొరబాబూ, కాస్త కాలెత్తండి” అన్నారు. దొర ఎత్తాడు. మంచం దిగింది. మళ్లీ ఎత్తాడు. మళ్లీ దిగింది. మూడోసారి ఎత్తేసరికి ఆకాశం ఉరిమింది.

వాన దంచి కొట్టింది. గొయ్యి నిండింది. మంచం తేలింది. కప్పలు పుట్టింటికొచ్చినట్టు దిగబడ్డాయి. ఒకటి దొర మోకాలెక్కి కూచుంది.

“అసిరమ్మా, పైకి లాగవే.”

“లాగుతాం బాబూ. పాక ఎవరిది?”

“మీది.”

“మీదంటే?”

“ఊరిది.”

“ఊళ్లో తమరూ ఉన్నారు కదా బాబూ. మరి తమ తట్టేదీ?”

పైకి లాగాక దొరకీ ఒక తట్ట దొరికింది. అసిరమ్మే తన పైట చెంగు చించి చుట్ట చుట్టి దొర నెత్తిన పెట్టింది. దొర మోసిన మట్టిలో సగం వీధిలోనే ఒలికింది. తక్కినవాళ్లు ఎవరి మట్టి వాళ్లు మోసుకొచ్చారు, వెదుళ్లొచ్చాయి, తాటాకులొచ్చాయి. పాక మళ్లీ లేచింది. అందులో అందరికీ ఎంత హక్కో దొరకీ అంతే. ఆ ఏడు వానల్లో ఒక్క పోగు తడవలేదు, ఒక్క పొయ్యిలోనూ పిల్లి పడుకోలేదు.

అసిరమ్మ పోయి ఎన్ని తరాలైందో. ఇప్పటికీ ఆ పేటలో పదిమందికీ పనికొచ్చేది ఏది కట్టినా, మొదటి తట్ట మట్టి పోస్తూ “ఇది అసిరమ్మది” అంటారు. ఎంత పెద్దమనిషైనా అందరి చోటులో కాళ్లు బార్లా చాపుకుని కూచుంటే, పిల్లలు చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడతారు.

“బాబూ, కాస్త కాలెత్తండి.”

ఇంతవరకూ లేవనివాడు లేడు.