లోపల ఎత్తని చెయ్యి

గుమ్మిడివలస పట్నంలో ఫల్గుణరావు అనే కౌన్సిలర్ ఉండేవాడు. ఎదురుగా నిలబడ్డవాళ్లకు నచ్చే మాట తప్ప ఇంకో మాట ఆయన నోట వచ్చేది కాదు.

మనిషి చెడ్డవాడు కాదు. పెళ్లికి పిలిస్తే పెళ్లికొడుకు కంటే ముందు వచ్చి కూర్చునేవాడు. ఎవరింట్లోనైనా చావు జరిగితే శ్మశానం దాకా నడిచేవాడు. ఆయన వార్డు గాజులవీధి. ఆ వీధిలో ఎవరు ఏ పని మీద వెళ్లినా "అలాగేనమ్మా, నా చెయ్యి మీ వైపే" అనేవాడు. ఆ మాట విని వెళ్లినవాళ్లు సంతోషంగా తిరిగొచ్చేవారు. సాయంత్రం చైర్మన్ గారు పిలిచి సరిగ్గా దానికి ఎదురు మాట అడిగితే, ఆయనతోనూ "అలాగేనండి, నేను మీ మాట కాదంటానా" అనేవాడు. చైర్మన్ గారూ సంతోషించేవారు.

ఇద్దరినీ ఇలా సంతోషపెట్టడం ఎలా కుదిరింది అంటే, ఆ మున్సిపాలిటీలో ఒక ఆచారం ఉండేది. ఏ తీర్మానమైనా చేతులెత్తించి లెక్కపెట్టేవారు. ఒకప్పుడు లెక్క మధ్యలో కొందరు బయటికి వెళ్లడం, కొందరు లోపలికి రావడం వల్ల ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఒకలా వచ్చేది కాదట. విసిగిపోయిన పాత చైర్మన్ ఒకాయన, ఓటింగు మొదలవగానే సభ తలుపుకు లోపలి నుంచి గడియ పెట్టాలని నియమం పెట్టాడు. గడియ పెట్టడం, లెక్క పూర్తయ్యాక తీయడం దఫేదారు అనే ఆఫీసు బంట్రోతు పని.

ఫల్గుణరావుకు ఈ ఆచారం దేవుడిచ్చిన వరమైంది. దఫేదారు గడియ వైపు కదలగానే ఆయనకు టీ తాగాలనిపించేది. మెల్లగా లేచి వరండాలోకి వచ్చి, ఆ చివర ఉన్న క్యాంటీన్లో గ్లాసు పట్టుకుని నిలబడేవాడు. తలుపు తీశాక మూతి తుడుచుకుంటూ లోపలికి వెళ్లేవాడు. ఆయన తాగిన టీలు లెక్కపెడితే ఆ కౌన్సిల్లో ఎన్ని గొడవ తీర్మానాలు వచ్చాయో తెలిసిపోయేది.

ఇంటి పన్ను పెంచినప్పుడు వీధివాళ్లు నిలదీస్తే, "పెంచమని నేను చెయ్యెత్తానా? ఎవరినైనా అడగండి" అన్నాడు. అది నిజమే. "ఏమయ్యా, నాకు ఎదురు తిరిగావట" అని చైర్మన్ గారు అంటే, "వద్దని నేను చెయ్యెత్తానా? మీరే చెప్పండి" అన్నాడు. అదీ నిజమే. రెండు నిజాలు కలిసి ఒక అబద్ధాన్ని పోషిస్తున్నాయని ఆయనకు ఎప్పుడూ తోచలేదు. తనంత మంచివాడు ఊళ్లో లేడనే అనుకునేవాడు.

ఆ ఏడాది వేసవిలో గాజులవీధి బడి మీద చైర్మన్ గారి కన్ను పడింది. బడి నడిబజారుకు దగ్గర. దాన్ని ఎత్తేసి అక్కడ దుకాణాలు కట్టిస్తే మున్సిపాలిటీకి అద్దెలు వస్తాయి. పిల్లలు పెద్దరోడ్డు దాటి అవతలి బడికి వెళ్లవచ్చు అన్నారు. పెద్దరోడ్డంటే రాత్రీ పగలూ లారీలు పోయే రోడ్డు.

ఈ వార్త విని అసిరమ్మ అనే ఆవిడ ఫల్గుణరావు ఇంటికి వచ్చింది. వెంట వీధిలోని మరికొందరు తల్లులూ వచ్చారు. అసిరమ్మ గోనె మిల్లులో పనిచేసేది. పొద్దున్న ఆరింటికల్లా మిల్లులో ఉండాలి. ఆమె భర్త సైకిలును ఆ పెద్దరోడ్డు మీదే లారీ గుద్దింది. ప్రాణం దక్కింది గాని కాలు దక్కలేదు. ఒక్కతే కూతురు నీలవేణి, మూడో తరగతి.

"బాబూ, బడి తీసేస్తారంట గదా" అంది అసిరమ్మ. "మా గుంట ఆ రోడ్డెలాగ దాటతాది? నానేమో సీకటితోనే మిల్లుకెల్లిపోతాను. ఆడికి సూత్తే కాల్లేదు. ఎవులు దాటిస్తారు?"

"నేనుండగా బడి తీస్తారా అమ్మా?" అన్నాడు ఫల్గుణరావు. "నా చెయ్యి మీ వైపే."

"ఒట్టే?"

"ఒట్టు."

ఆ సాయంత్రమే బడి ముందు నలుగురినీ పోగేసి మాట్లాడాడు. ఈ బడి ఇటుక ఒక్కటి కదిలినా ఊరుకోనన్నాడు. చప్పట్లు బాగా పడ్డాయి. మర్నాడు చైర్మన్ గారు పిలిపించి, "ఈసారి రెండు వైపులా ఓట్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి. నువ్వు అడ్డం రాకు" అన్నారు.

"అలాగేనండి, నేను మీ మాట కాదంటానా" అన్నాడు ఫల్గుణరావు.

కౌన్సిల్ సమావేశం రోజు వచ్చింది. అసిరమ్మ మిల్లుకు సెలవు పెట్టి తల్లులతో కలిసి మున్సిపల్ ఆఫీసుకు వచ్చింది. వాళ్లను సభలోకి రానివ్వలేదు. వరండాలో గోడ వారగా కూర్చోమన్నారు. ఆ గోడ మీద ఒక స్పీకరు పెట్టె ఉంది. లోపలి మైకులో అన్న మాట అందులో వినపడుతుంది. ఇన్నేళ్లలో గాజులవీధి నుంచి ఎవరూ వచ్చి దాని కింద కూర్చోలేదు. అందుకే ఫల్గుణరావు ఆ పెట్టెను ఎప్పుడూ పట్టించుకోలేదు.

లోపల చర్చ ముగిసింది. దఫేదారు గడియ వైపు కదిలాడు. ఫల్గుణరావుకు అలవాటుగా టీ మీద మనసు పోయింది. తలుపు మూసుకునేలోపు బయటికి వచ్చాడు, గ్లాసు అందుకున్నాడు, వెనక్కి తిరిగాడు. ఎదురుగా తల్లులు.

వాళ్లు ఆయన్ని చూసి గబగబా లేచారు. పని పూర్తయితేనే కదా మనిషి బయటికి వస్తాడు. వాళ్లు అలాగే అనుకున్నారు.

"అయిపోనాదా బాబూ?" అని అడిగింది అసిరమ్మ. "సెయ్యెత్తీసినారా?"

అప్పుడైనా ఆయన నిజం చెప్పి ఉండవచ్చు. తలుపు ఇంకా పూర్తిగా పడలేదు. గ్లాసు అక్కడ పెట్టి నాలుగడుగులు వేస్తే సరిపోయేది. కానీ ఎదురుగా ఉన్నవాళ్లకు నచ్చే మాట చెప్పడమే ఆయనకు అలవాటు.

"ఎత్తేశానమ్మా" అన్నాడు.

అసిరమ్మ రెండు చేతులూ జోడించింది. వెనకున్న ముసలామె "నూరేళ్లు సల్లగా ఉండు నాయినా" అని దీవించింది. తలుపు మూసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది.

ఆ వెంటనే గోడ మీది పెట్టెలోంచి చైర్మన్ గారి గొంతు వచ్చింది. "గాజులవీధి బడి తీర్మానం. ఇప్పుడు ఓటింగు. వ్యతిరేకించేవారు చేతులెత్తండి."

తల్లులందరూ ఆ పెట్టె వైపు చూశారు, తర్వాత ఫల్గుణరావు చేతిలోని గ్లాసు వైపు చూశారు. అసిరమ్మ జోడించిన చేతులు ఇంకా దించలేదు.

జీవితంలో మొదటిసారి ఫల్గుణరావుకు ఎవరి ముందు ఏం చెప్పాలో తోచలేదు. గ్లాసు కింద పెట్టి తలుపు దగ్గరికి పరుగెత్తాడు. తట్టాడు. మళ్లీ తట్టాడు.

"ఎవరది?" అన్నాడు లోపలి నుంచి దఫేదారు.

"నేను, ఫల్గుణరావుని. తలుపు తియ్యి. నేను చెయ్యెత్తాలి."

"లెక్క జరుగుతోంది బాబూ. ఇప్పుడు తియ్యకూడదు."

"ఒక్క నిమిషం తియ్యి నాయనా. నేను కౌన్సిలర్ని కదా."

"తెలుసు బాబూ" అన్నాడు దఫేదారు నెమ్మదిగా. "ఎప్పుడూ ఈ టైముకి మీరు బయటే ఉంటారు కదా."

పెట్టెలోంచి లెక్క వినిపించింది. వద్దన్నవారు పదకొండు మంది. కావాలన్నవారు పదకొండు మంది. సమానం వస్తే చైర్మన్ గారు ఇంకో ఓటు వేయవచ్చు. వేశారు. తీర్మానం నెగ్గింది, లోపల బల్లలు చరిచారు. అప్పుడు దఫేదారు వచ్చి గడియ తీశాడు. తలుపు తెరుచుకున్నా ఫల్గుణరావు లోపలికి వెళ్లలేదు.

తల్లులు చెంగులు సర్దుకుని బయలుదేరబోయారు. తిట్టినా ఆయనకు కొంత తేలికగా ఉండేది.

"అమ్మా, ఇంతటితో వదలను" అన్నాడాయన. "రేపే ధర్నా పెడదాం. టెంటు నేనే వేయిస్తాను. అందరికంటే ముందు నేను కూర్చుంటాను."

"మాటలు సాలు బాబూ" అంది అసిరమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "బడి ఎల్లిపోనాది. మా గుంటని రోడ్డు ఎవులు దాటిస్తారో అది సెప్పండి."

"నేను దాటిస్తానమ్మా" అన్నాడు ఫల్గుణరావు.

తల్లులు ఒకరి ముఖం ఒకరు చూసుకుని వెళ్లిపోయారు. ఆ మాట కూడా పాత మాటల్లో కలిసిపోతుందనే అనుకున్నారు. నిజం చెప్పాలంటే, అన్న నిమిషంలో ఆయనా అలాగే అనుకున్నాడు. కానీ ఆ రోజు నుంచి ఆయనకు టీ సహించలేదు. గ్లాసు చేతికి రాగానే జోడించిన ఆ రెండు చేతులు కళ్లముందుకు వచ్చేవి.

బడులు తెరిచే రోజు వచ్చింది. అసిరమ్మ ఆయన మాట నమ్మలేదు. ఒక పూట కూలి పోతే పోయిందని, కూతురి చెయ్యి పట్టుకుని తనే పెద్దరోడ్డు దగ్గరికి వచ్చింది. వచ్చి చూస్తే రోడ్డు అంచున ఫల్గుణరావు నిలబడి ఉన్నాడు.

ఆయన రోడ్డు మీదికి వచ్చి చెయ్యెత్తాడు. మొదటి లారీ ఆగలేదు. హారను కొట్టి, దుమ్ము ఆయన ముఖాన కొట్టి పోయింది. ఆయన పక్కకు తప్పుకుని మళ్లీ వచ్చి చెయ్యెత్తాడు. రెండో లారీ ఆగింది. వెనక బస్సూ ఆగింది. గాజులవీధి పిల్లలు ఒకరి వెనక ఒకరు రోడ్డు దాటారు. ఆఖరి పిల్ల అవతలికి చేరేదాకా ఆయన చెయ్యి దించలేదు.

దాటాక నీలవేణి వెనక్కి తిరిగి, "తాతా, రేపు కూడా వత్తావా?" అని అడిగింది.

అలాగేనమ్మా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఫల్గుణరావు దాన్ని మింగేశాడు.

"రేపు చూడు" అన్నాడు.

మర్నాడు వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. వానలో గొడుగు పట్టుకుని వచ్చాడు. ఎండలో తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. పొద్దున్నా సాయంత్రమూ రోడ్డు మధ్య నిలబడి చెయ్యెత్తడం ఆయనకు పనైపోయింది. కౌన్సిల్లో ఇక టీకి లేవలేదు, లోపలే ఉండి అటో ఇటో చెయ్యెత్తాడు. చైర్మన్ గారికి కోపం వచ్చింది. వార్డులోనూ కొందరికి కోపం వచ్చింది. అయినా ఎవరి కోపానికీ ఆయన ప్రాణం పోలేదు. ఇన్నాళ్లూ అంతగా భయపడింది దీనికేనా అని ఆయనకే నవ్వొచ్చింది.

ఒకరోజు సాయంత్రం అసిరమ్మ మిల్లు నుంచి తిరిగొస్తూ ఆయన పక్కన ఆగింది. ఆయన ఎడమ చేత్తో కుడి భుజం నొక్కుకుంటున్నాడు.

"సెయ్యి నొప్పెడతందా బాబూ?"

"పెడుతోందమ్మా."

"ఆవేల లోపల ఒక్కపాలి ఎత్తుంటే సరిపోయీది" అంది అసిరమ్మ. "ఇప్పుడు రోజూ ఎత్తాల్సొచ్చింది."

ఫల్గుణరావు తల ఊపాడు. అటువైపు నుంచి పిల్లలు వస్తున్నారు. దూరంగా లారీ కనిపించింది. ఆయన రోడ్డు మీదికి నడిచి చెయ్యెత్తాడు.

పిల్లలూ, ఒక మనిషి ఎవరి పక్షమో వీధిలో అతను చెప్పే మాట వల్ల తెలియదు, తలుపు మూసి లెక్కపెట్టే వేళ అతని చెయ్యి ఎక్కడుందో దాన్ని బట్టి తెలుస్తుంది. అందరికీ మంచివాడనిపించుకోవాలని ఎత్తాల్సిన వేళ చెయ్యెత్తనివాడు, తనను నమ్మినవాళ్లకే అన్యాయం చేస్తాడు.