సెకన్ల ముల్లు లేని వాచీ

మద్దిలేటికి ఆ వాచీ నచ్చిందో లేదో మద్దిలేటికే తెలియడం లేదు.

ఇందులో అంత బాధపడాల్సిందేముంది అనిపించవచ్చు. మనమైతే నచ్చితే కొంటాం, నచ్చకపోతే పక్క అంగడికి పోతాం. మద్దిలేటికి ఆ వెసులుబాటు లేదు. అతను ఫోనులో వాచీల గురించి వీడియోలు పెడతాడు. అతని మాట వినేవాళ్ళు డెబ్భై వేలమంది. ముఖం ఎప్పుడూ చూపించడు. నల్లగుడ్డ పరిచిన బల్ల, దాని మీద వాచీ, రెండు చేతులు, ఒక గొంతు, అంతే. ఆ గొంతు బాగుంటుంది. గొంతు బాగుంటే వాచీ కూడా బాగుంటుందనుకునే జనం మనలో తక్కువేం కాదు.

వీడియోలకు ముందు నాలుగేళ్ళు అతను నంద్యాల బస్టాండు వెనక వీధిలో సత్తార్ ఉస్తాద్ దగ్గర వాచీల పని నేర్చుకున్నాడు. ఆ అంగడిలో ఒక బల్ల, రెండు స్టూళ్ళు, గోడకు మేకులు, మేకులకు వాచీలు. మూడో మనిషి వస్తే వీధిలో నిలబడాల్సిందే. ఇప్పటికీ ఏదైనా చిక్కు వస్తే మద్దిలేటి కాళ్ళు అక్కడికే పోతాయి. ఆ గురువారం మధ్యాహ్నం కూడా అలాగే వచ్చాడు.

ఉస్తాద్ నమాజు చేసుకుని అప్పుడే వచ్చి, కంటికి భూతద్దం బిగించుకుని, ఎవరిదో పాత వాచీ విప్పుతున్నాడు.

"టీ తాగినావా?" అన్నాడు తల ఎత్తకుండానే.

"వద్దు ఉస్తాద్. దిగదు."

"అయితే పెద్ద రోగమే," అన్నాడు ఉస్తాద్. మద్దిలేటి టీ వద్దనడం ఆయన ఎప్పుడూ వినలేదు.

మద్దిలేటి సంచిలోంచి ఒక పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. లోపల నీలం డయలు వాచీ మెరుస్తోంది. ఒక కంపెనీ వాళ్ళు పంపారు. మర్నాడు పొద్దున అది బజారులోకి వస్తుంది. ఆ పాటికే మద్దిలేటి వీడియో పెట్టాలి. ఏమేం చెప్పాలో రాసిన కాగితం కూడా పెట్టెలోనే ఉంది. అందులో మొదటి మాట, 'నెల రోజులుగా నా చేతికి ఇదే.'

"ఎప్పుడొచ్చింది నీ చేతికి?" అడిగాడు ఉస్తాద్.

"మొన్న."

ఉస్తాద్ పట్టకారుతో ఒక చిన్న మరను తీసి గిన్నెలో వేశాడు. ఆయన ఏమీ అనకపోతే మద్దిలేటికి ఎప్పుడూ కష్టమే. తిట్టినా బాగుండేది.

"అది అందరూ చెప్పేదేలే ఉస్తాద్. నా బాధ అది కాదు. అసలిది మంచిదో కాదో నాకు తెలీడం లేదు."

అతను చెబుతున్నది నిజమే. ఆ వాచీ తనకంటే ముందు అందుకున్నవాళ్ళు పెట్టిన వీడియోలన్నీ ఈ రెండు రోజుల్లో చూశాడు. మొత్తం పంతొమ్మిది. ఒకాయన ఈ ఏడాదికి ఇదే వాచీ అన్నాడు. ఇంకొకాయన దీన్ని కొనే బదులు ఆ డబ్బు కాలవలో పారేయమన్నాడు. ఒకాయన అద్దం మీద తాళంచెవితో గీకి, చూశారా, గీత పడలేదు అన్నాడు. మరొకాయన అలాగే గీకి, చూశారా, పడింది అన్నాడు. ఆ తర్వాత ఒకడు వచ్చి, ఈ గీకేవాళ్ళంతా కంపెనీల దగ్గర మేసినవాళ్ళే, నేనొక్కణ్ణే మేయలేదు, నన్ను నమ్మండి అన్నాడు. మద్దిలేటి అతన్ని నమ్మాడు. పావుగంట నమ్మాడు. చివర్లో అతను, కొనాలనుకుంటే కింద లింకు ఉంది, నొక్కండి అన్నాడు.

అప్పటినుంచి మద్దిలేటికి బుర్ర తిరగడం మొదలైంది. పొగిడినవాడిని అనుమానించాడు. తిట్టినవాడిని అనుమానించాడు. చివరికి అనుమానించమని చెప్పినవాడిని కూడా అనుమానించాల్సి వచ్చింది.

"విప్పి చూళ్ళేదా?" అన్నాడు ఉస్తాద్.

"చూసినా. లోపల మిషను బాగానే ఉండాది. మామూలుది. కానీ బాగుందని నేనంటాండానా, వాళ్ళ మాట నా నోట్లోంచి వస్తాందా, అదే అర్థం కాలేదు. అనుమానమొచ్చి నా పాత వీడియోలు చూసుకున్నా. పదకొండు వాచీల గురించి చెప్పినా. పదకొండింటికీ, దీన్ని మించింది లేదన్నా. పదకొండుసార్లూ నిజమే చెప్తాండా అనుకున్నా."

చెబుతుంటే అతనికి ఏడుపొచ్చింది. ఇరవై ఆరేళ్ళ మనిషి, డెబ్భై వేలమందికి దారి చూపేవాడు, తనకేది ఇష్టమో తనకు తెలియక ఒక స్టూలు మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎవరిని నమ్మాల ఉస్తాద్? రేపు నేనేం చెప్పాల?"

ఉస్తాద్‌తో ఇదొక తంటా. ఆయన్ని ప్రశ్న అడిగితే పని చెబుతాడు. ఇప్పుడూ అంతే చేశాడు. భూతద్దం తీసి మద్దిలేటి చేతిలో పెట్టి, "నడుము పట్టేసింది. కాసేపు బల్ల కాడ నువ్వు కూర్చో," అన్నాడు. తను వెనక స్టూలు మీదికి జరిగి గోడకు ఆనుకున్నాడు.

మద్దిలేటి కూర్చున్నాడు. చేతులకు ఆ బల్ల ఇంకా గుర్తుంది.

కాసేపటికి ఒకామె వచ్చి అంగడి ముందు వీధిలో నిలబడింది. యాభై దాటిన మనిషి, నర్సు బట్టల్లో ఉంది, భుజానికి సంచి. పేరు ఎస్తేరమ్మ. కాన్పుల ఆస్పత్రిలో పనిచేస్తుంది. డ్యూటీకి పోతూ ఇటు తిరిగింది.

"భాయ్, దీనికి సెకన్ల ముల్లు పెట్టియ్యాల," అంటూ చేతి వాచీ విప్పి బల్ల మీద పెట్టింది.

పల్చటి వాచీ. తెల్ల డయలు. దాని మీద అంకెలు లేవు, రెండే రెండు ముళ్ళు. మద్దిలేటి చూడగానే గుర్తుపట్టాడు. ఆ పదకొండింటిలో అదొకటి. దాని గురించి తనేమన్నాడో కూడా గుర్తొచ్చింది. 'దీనికి సెకన్ల ముల్లు లేదు. అదే దీని అందం. క్షణాలు లెక్కపెట్టడం మానేయండి, మనసు ప్రశాంతంగా ఉంటుంది.' ఆ మాట కూడా సొంతం కాదు. ఎవరో అంటే విన్నాడు. విన్నప్పుడు ఒళ్ళు పులకరించింది, అందుకని తనూ అన్నాడు.

"దీనికి పెట్టేకి కాదమ్మా. లోపల ఆ ఏర్పాటే లేదు," అన్నాడు. ఆమె తన గొంతు గుర్తుపడుతుందేమోనని దాన్ని బాగా తగ్గించాడు.

"గొంతుకేమైంది నీకు?" అన్నాడు ఉస్తాద్ వెనకనుంచి.

మద్దిలేటి గొంతు మీద చెయ్యి పెట్టుకుని, జలుబు అన్నట్టు సైగ చేశాడు.

ఉస్తాద్ అతన్ని ఒక క్షణం చూసి, ఆమె వైపు తిరిగాడు. "ముల్లుతో ఏం పనమ్మా నీకు?"

"బాలింతలకు పల్సు చూడాల గదా భాయ్. నిమిషం లెక్కపెట్టాల. ఫోను వార్డులోకి తేనియ్యరు. గోడ గడియారం ఆ కొసకుంటాది, మంచాలు ఈ కొసకుంటాయి. ఎట్లో ఒకట్ల నెట్టుకొస్తాండా." ఆమె సంచి సర్దుకుంది. "మొన్న ఒక పిల్లకు అందాజుగా రాసినా. రాసినాక మనసొప్పలేదు. పక్క నర్సు వాచీ అడుక్కోని మళ్లా చూసినా. నేను రాసిందానికీ దానికీ ఇరవై తేడా. ఆ పిల్లకు రక్తం పోతాండాది భాయ్. డాక్టరమ్మ ఆడనే ఉండబట్టి సరిపోయింది. ఇరవై ఐదేళ్ళలో నేనట్లా రాసింది లేదు."

మద్దిలేటి వాచీని చేతిలోకి తీసుకున్నాడు. వెనక్కి తిప్పి చూశాడు, మళ్ళీ ముందుకు తిప్పాడు. చూడ్డానికి అందులో ఏమీ లేదు.

"దీన్ని మార్చుకోకపోయినావా?" అడిగాడు ఉస్తాద్.

"మా పాప కొనిచ్చింది. ఇరవై ఐదేళ్ళ సర్వీసయిందని ముచ్చటపడి ఇచ్చింది. తీసేస్తే నొచ్చుకుంటాది. ఎవరో పిల్లోడు ఫోన్లో చెప్పినాడంట, నాకూ వినిపించింది. వింటాంటే బలే ఉండాది. ముల్లు లేకపోవడమే గొప్పనిపించింది నాకు. పాత వాచీ మా ఆడబిడ్డకు ఇచ్చేసినా."

"ఆ పిల్లోడు కనపడితే నాలుగు తిట్టకపోతివా."

"వాణ్ణెందుకు భాయ్ తిట్టేది," అంది ఎస్తేరమ్మ. "నేనెవరో, నా పనేందో వానికేం తెల్సు?"

తిడితే మద్దిలేటి తల వంచుకుని భరించేవాడు. తిట్టలేదు, అదే తగిలింది. బల్ల మీది గుడ్డను అంచులు సమంగా ఉండేట్టు లాగాడు. అవి సమంగానే ఉన్నాయి.

ఉస్తాద్ తన చేతి వాచీ విప్పాడు. సెకన్ల ముల్లున్న, కీ ఇచ్చే పాతకాలపు వాచీ, బెల్టు మారి మారి ఎన్నోదో ఆయనకే తెలీదు. ఆమె ముందు పెట్టాడు.

"వార్డులో ఇది పెట్టుకో. ఇంట్లో పాప ముందర అది పెట్టుకో. పొద్దున్నే దీనికి కీ ఇయ్యాల, మర్చిపోవద్దు."

ఆమె వద్దంది. ఉస్తాద్ వినిపించుకోలేదు. కాసేపు ఇద్దరూ ఆ వాచీని అటూ ఇటూ జరిపారు. చివరికి ఆమె చేతికి పెట్టుకుంది.

"సరిగ్గా లెక్కకొస్తాందో లేదో చూసుకోని పో," అన్నాడు ఉస్తాద్.

ఎవరి చెయ్యి చూడాలా అని ఆమె వెతుక్కుంటోంది. ఉస్తాద్ ముందుకు వంగి, మద్దిలేటి కుడి చేతిని పట్టుకుని, రిపేరుకు వచ్చిన వాచీని పెట్టినట్టు బల్ల మీద ఆమె ముందు పెట్టాడు.

ఎస్తేరమ్మ మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి వాచీ వైపు చూసింది.

మద్దిలేటి ఈ అంగడిలో కూర్చుని ఎన్నో వందల సెకన్ల ముళ్ళు తిరగడం చూశాడు. ఇంత నెమ్మదిగా తిరిగింది లేదు. ఆమె వేళ్ళు మెత్తగా, చల్లగా ఉన్నాయి. ఆ వేళ్ళ కింద రక్తం పోతున్న ఒక పిల్ల చెయ్యి ఉండి ఉంటుంది. పక్కన కాగితం మీద అంకె రాసి ఉంటుంది. ఆ అంకె తప్పు. ఇంతకు మించి అతను ఆలోచించలేకపోయాడు.

"నూటపద్దెనిమిది," అంది ఎస్తేరమ్మ. నొసలు ముడిపడింది. "కూర్చున్న మనిషికి ఇంత ఉండకూడదే. జ్వరమా నాయనా?"

ఆమె వేళ్ళు ఇంకా మణికట్టు మీదే ఉన్నాయి.

"జ్వరం కాదమ్మా," అన్నాడు మద్దిలేటి. ఈసారి గొంతు తగ్గించలేదు.

ఆమె తల ఎత్తి చూసింది. ఆ గొంతు ఎక్కడ విన్నదో ఆమెకు తెలిసిపోయింది.

"ఫోన్లో చెప్పింది నేనే. ఆ వాచీ నేనెప్పుడూ చేతికి పెట్టుకోలేదు. రెండు పూటలు నా కాడ ఉండింది, అంతే. ముల్లు లేకపోతే మంచిదన్న మాట కూడా నాది కాదు. ఎవరో అంటే అన్నా."

వీధిలో ఒక ఆటో హారను కొట్టుకుంటూ పోయింది. ఎస్తేరమ్మ అతని చెయ్యి వదల్లేదు.

"ఇప్పుడు మళ్లా చూడమ్మా," అన్నాడు ఉస్తాద్.

ఆమె చూపు వాచీ మీదికి దించింది. పెదవులు కదుపుతూ నిమిషం పొడుగునా లెక్కపెట్టింది. ఎంతో చెప్పలేదు, నొసటి ముడి మాత్రం విడిపోయింది. చేతిని మెల్లగా బల్ల మీద పెట్టి, తన తెల్ల డయలు వాచీ సంచిలో వేసుకుంది.

"గొంతు మటుకు మంచిది నాయనా నీది," అని, ఉస్తాద్‌కు తల వంచి, డ్యూటీకి పోయింది.

ఉస్తాద్ వెనక స్టూలు మీదే కూర్చుని, ఖాళీ అయిన మణికట్టును రుద్దుకుంటున్నాడు. మద్దిలేటి నీలం డయలు వాచీని చూశాడు. మంచిదా? అద్దం గీత పడుతుందా? ఎవరి చేతికి పనికొస్తుంది? నెల తర్వాత ఎలా ఉంటుంది?

"ఏం చెప్పాలో నాకు తెలీదు ఉస్తాద్," అన్నాడు. "ఈ వాచీ సంగతి నాకేం తెలీదు."

"అదే చెప్పు," అన్నాడు ఉస్తాద్.