పాలెం మూట

అనగా అనగా, పడవలు తెరచాపలతో తిరిగే కాలాన, ఒక రేవు పట్నం. అందులో గవరయ్య శెట్టి అని పేరుమోసిన షావుకారు.

చుట్టుపక్కల పన్నెండు ఊళ్ళ పంచాయతీలు కోతలయ్యాక పన్నులు వసూలు చేసి, ఆ సొమ్మంతా శెట్టి కొట్లో దాచుకునేవి. రోహిణి కార్తె మొదటి రోజున పన్నెండు ఊళ్ళ పెద్దలూ కలిసే వచ్చి మొత్తం పట్టుకుపోయేవారు. వానలు పడేలోగా ఏటిగట్లు బాగుచేసుకోవాలి మరి! అది తాతలనాటి ఆచారం.

ఆ కొట్లో గుమస్తా సోమలింగం. గట్టు కిందనే ఉన్న పాలెం అతని సొంతూరు. అక్క నీలమ్మ అక్కడే కాపురం. "నేనున్నానుగా, మీకేం భయం?" అని అతనన్నందుకే పాలెం వాళ్ళు సొమ్ము అక్కడ దాచారు.

నిండిన పెట్టె చూసి శెట్టికి ఆశ పుట్టింది. "ఇంత సొమ్ము ఊరికే పడుండడమా!" అని, పడవలు తిరిగొచ్చాక తీర్చేలా పడవ వ్యాపారులకు వడ్డీకిచ్చాడు.

సోమలింగం చేతులు కట్టుకుని అన్నాడు: "అయ్యా, మామూలు జనం సొమ్ము వేరు. ఒకరు అడిగిన రోజున ఇంకొకరు అడగరు. ఊళ్ళ సొమ్ము వచ్చేదీ ఒక్కసారే, పోయేదీ ఒక్కసారే. దాన్ని వేరే పెట్టెలో పెడదాం."

"నీకన్నీ భయాలేనయ్యా!" అని శెట్టి నవ్వేశాడు.

మొదటి ఏడాది పడవలు రోహిణికి ముందురోజే వచ్చాయి. గండం గడిచింది. రెండో ఏడు సగమే వచ్చాయి. శెట్టి భార్య వడ్డాణం తాకట్టు పెట్టి పరువు నిలుపుకున్నాడు. ఇకనైనా బుద్ధి వస్తుందనుకున్నారా? మూడో ఏడు ఉన్నదంతా ఊడ్చి ఇచ్చేశాడు!

సోమలింగం పాలెం వెళ్ళి చెప్పేద్దామని చెప్పులు వేసుకున్నాడు. కొలువు పోతుందని మళ్ళీ విప్పేశాడు. అలా మూడుసార్లు.

రోహిణి వచ్చింది. పడవలు రాలేదు.

"ఒరే సోమా, కూలీలు పలుగూ పారా పట్టుకుని గట్టు మీద కూర్చున్నారు. మా డబ్బేదిరా?" అన్నాడు పాలెం పెద్ద గౌరునాయుడు. అతను సోమలింగానికి చిన్ననాటి స్నేహితుడు.

"పదిహేను రోజులు ఆగండి," అని శెట్టి బతిమాలాడు.

"మేం ఆగుతాం శెట్టిగారూ. ఏరు ఆగుతుందా?"

ఆగలేదు. తొమ్మిదో రోజున కుండపోత. మిగతా గట్లు ఎలాగో నిలిచాయి. పాలెం గట్టు తెగింది. నీలమ్మ, గౌరునాయుడు, వాళ్ళతో ఊరు ఊరంతా ఏటిపాలయింది. అయ్యో, ఏమని చెప్పను పిల్లలూ!

పన్నెండో రోజున పడవలొచ్చాయి, నిండుగా.

శెట్టి కుమిలిపోయి తాళాలు సోమలింగం చేతిలో పెట్టాడు. ఆనాటి నుంచి ఊళ్ళ సొమ్ముకు వేరే పెట్టె. దాన్ని ఎవరికీ అప్పివ్వలేదు. ఏ రోహిణికీ ఒక్క కాసు తగ్గలేదు. "నిజాయితీ అంటే సోమలింగానిదే!" అని జనం మెచ్చుకునేవారు. ఆ మాట విన్నప్పుడల్లా అతనికి చచ్చిపోవాలనిపించేది.

ఏటేటా పదకొండు ఊళ్ళ పెద్దలు వచ్చి తమ మూటలు పట్టుకుపోయేవారు. పాలెం మూట మాత్రం పెట్టె అడుగునే ఉండేది. సోమలింగం పొద్దుగూకేదాకా వీధి వైపు చూసి, అప్పుడు మూత వేసేవాడు.

ఊరి సొమ్ము దాచినవాడు ఊరికి అవసరమైన రోజున దాన్ని సిద్ధంగా ఉంచాలి. ముప్పు తెలిసినవాడు అది ముంచకముందే నోరు విప్పాలి.