పళ్ళతో పట్టిన తాడు

అనగనగా సముద్రం పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో వరి పండదమ్మడూ, ఉప్పు పండుతుంది. మడుల్లోకి సముద్రం నీళ్ళు పెడతారు, ఎండకి నీళ్ళు ఆవిరైపోయి ఉప్పు మిగులుతుంది. దాన్ని తోడి గట్టు మీద కుప్ప పోస్తారు.

ఆ ఊళ్ళో నీలమ్మ అని ఒకావిడ ఉండేది. మొగుడు చేపల వేటకెళ్ళి తుపానులో పోయాడు. ఇంట్లో ఇక ఆమె, ఆమె అత్త దాలమ్మ, అంతే. అత్తాకోడళ్ళు ఎండాకాలమంతా రెక్కలు ముక్కలు చేసుకుని ఒక్క కుప్ప ఉప్పు పోశారు. ఆ ఉప్పు మెట్ట ఊళ్ళకి మోసుకెళ్ళి గింజలకి మార్చుకోవాలి. వాన పడి కుప్ప కరిగిందా, ఆ ఏడాది వాళ్ళ పొయ్యిలో పిల్లి లేవదు.

పక్క మడి సింహాచలానిది. నీలమ్మ మొగుడికి వరసకి అన్న, ఆమెకి బావ. మంచివాడే, కానీ వాదన దొరికితే అన్నం కూడా అక్కర్లేదు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

ఒకరోజు మధ్యాహ్నం సముద్రం మీద నల్లగా మబ్బు పట్టింది. గాలి లేచింది. నీలమ్మ తాటాకులు, తాడు తెచ్చి కుప్ప కప్పడం మొదలుపెట్టింది. వానొచ్చేలా ఉంది, నీ కుప్ప కూడా కప్పుకో బావా అని సింహాచలానికీ చెప్పింది.

అప్పుడు సింహాచలం తన గట్టు వదిలి వీళ్ళ గట్టు మీదికొచ్చాడు. "తూరుపు మబ్బు కురవడమేటి? ఉత్త ఉరుములే," అన్నాడు. పోయినేడు కురిసిందా, అంతకుముందేడు కురిసిందా అని మొదలుపెట్టాడు. పోయినేడు కురిసింది, నీలమ్మకి బాగా గుర్తు. అయినా "అలాగా బావా" అని ఆకు మీద ఆకు పరుస్తూనే ఉంది. చెప్పాల్సింది ఒకసారి చెప్పేసింది కదా. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదన్నారు. బోడిగుండు సంగతి మీ తాతయ్యని అడుగు.

ఆ తర్వాత ఆకులు పరిచే తీరు మీద పడ్డాడు. అలా కాదంటాడు, ఇలా కాదంటాడు, ఆడవాళ్ళకేం తెలుసంటాడు. దాలమ్మకి ఒళ్ళు మండింది. ఆవిడ అసలే నోరున్న మనిషి. నడుం మీద చెయ్యేసుకుని నోరు తెరిచింది. తెరిచిన నోట్లో నీలమ్మ తాడు కొస పెట్టేసింది. "అత్తా, ఇది పళ్ళతో పట్టు. రెండు చేతులతో ఆకులు నొక్కు, గాలికి లేచిపోతన్నాయి," అంది. నవ్వకు, ఆ ముసలావిడకి పళ్ళు గట్టివే. తాడు కరుచుకుని కళ్ళతోనే తిట్టింది.

అప్పుడు సింహాచలానికి ఇంకా ఊపొచ్చింది. అనకూడని మాట అనేశాడు.

"మీ ఇంట్లో మబ్బు తెలిసినోళ్ళెవరు? మా తమ్ముడికి తెలిస్తే ఆ రోజు పడవెక్కేవోడా?"

చూశావా, ఎంత మాటో. నీలమ్మకి గుండెలో కలుక్కుమంది. ఆ రోజు పడవెక్కమని పిలిచిందెవరో, ఆఖరి నిమిషంలో తను మాత్రం దిగిపోయిందెవరో ఆమెకి తెలుసు. ఆ ఒక్క మాట అంటే సింహాచలం తల ఎత్తలేడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ తను ఒకటంటే ఆయన ఇంకోటంటాడు, ఈలోపు కుప్ప గోవిందా. అందుకని తాడు రెండో కొస నీలమ్మ తన పళ్ళతో పట్టుకుంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, చేతులు మాత్రం ఆగలేదు. ఆకులన్నీ నొక్కి, తాడు బిగించి ముడేసింది.

ఎవరూ జవాబు చెప్పకపోయేసరికి సింహాచలం నెగ్గానని మీసం దువ్వుకున్నాడు. అంతలో చినుకు పడింది, చినుకు వానైంది. తన గట్టుకి పరుగెత్తాడు గానీ ఏం లాభం, ఒక్క ఆకైనా కప్పలేకపోయాడు. ఉప్పంతా నీళ్ళై మడిలోకే పోయింది. వీళ్ళ కుప్ప పైపైన తడిసింది, అంతే.

మర్నాడు పొద్దున సింహాచలం వీళ్ళ గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. అప్పుడు కూడా ఏమన్నాడో తెలుసా? నిన్నటిది తూరుపు మబ్బు కాదట, ఈశాన్యం మబ్బట, అందుకే కురిసిందట. తను చెప్పింది తప్పు కాదట.

 దాలమ్మ నెమ్మదిగా అడిగింది.

"నువ్వే నెగ్గావులే నాయనా. ఇంతకీ మీ ఇంట్లో గంజిలోకి ఉప్పుందా?"

 సింహాచలం వెనక్కి పెట్టుకున్న చెయ్యి ముందుకి తెచ్చాడు. చేతిలో ఖాళీ గిన్నె ఉంది. పాపం, వచ్చిందే అందుకు.

నీలమ్మ గిన్నె లోపలికి తీసుకెళ్ళి నిండా ఉప్పు పోసి తెచ్చింది. తెచ్చి అతని చేతికివ్వలేదు. ఉప్పు చేతికిస్తే తగువులొస్తాయంటారు కదమ్మడూ, అందుకని గడప అవతల కింద పెట్టింది. "తీసుకో బావా," అంది.

కథ పోయె కంచికి,
ఉప్పు చేరె ఇంటికి,
వాదం పోయె గాలికి,
నిద్దుర రావే కంటికి.