మకుటం దగ్గర తప్పిన చూపు

అంకమరావుకి ఆశ్రమంలో అన్నీ నచ్చాయి, రాతగదిలో ఉన్న రెండు పాత కంప్యూటర్లు తప్ప.

పల్నాడు వైపు, కృష్ణ ఒడ్డున, చుక్కనయ్య ఆశ్రమమని చిన్నది ఒకటి ఉంది. తాటాకుల మీద ఉన్న పాత తత్వాలనీ శతకాలనీ కంప్యూటర్లో ఎక్కించి, అచ్చు వేసి, అడిగినవాళ్ళకి ఊరికే ఇస్తుంటారు అక్కడ. ఆ పనంతా రాతగదిలోనే. రెండు బల్లలు, వాటి మీద రెండు డెస్క్‌టాప్ కంప్యూటర్లు, వెనకాల చిక్కుపడిపోయిన వైర్లు. మొదటి బల్ల సీతారావమ్మ గారిది. ఒకప్పుడు మాచర్లలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. ఇరవై రెండేళ్ళుగా ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చున్నది లేదు. రెండో బల్ల అంకమరావుది.

అతను హైదరాబాదులో కంప్యూటర్లు అమ్మే కొట్లో ఎనిమిదేళ్ళు పనిచేసి, విసుగెత్తి, ఆశ్రమం నడిపే సుబ్బదాసు స్వామి దగ్గరికి వచ్చి చేరాడు. విసుగైతే పోయింది గాని కొత్త సరుకు మీద మోజు పోలేదు. పాత కీబోర్డు టకటకలాడినప్పుడల్లా అతనికి ఒంటి మీద జెర్రి పాకినట్టుండేది. కొత్తొక వింత, పాతొక రోత అన్నారు. ఆశ్రమంలో చేరినంత మాత్రాన సామెతలు మనిషిని వదిలిపెట్టవు.

ఇంతలో వినుకొండ భక్తుడొకాయన ఒక ట్యాబ్ పంపించాడు. అరిటాకంత ఉంది. ఇది పనికొస్తే ఇంకొకటి పంపిస్తాననీ, చుక్కనయ్య ఆరాధన మర్నాడు తన వ్యాను వస్తుందనీ, పాత కంప్యూటర్లు అందులో ఎక్కించేస్తే తానే ఎక్కడైనా ఇచ్చేస్తాననీ కబురు చేశాడు.

అంకమరావు ఆ ట్యాబ్‌ని రెండు చేతులా పట్టుకుని స్వామి దగ్గరికి వెళ్ళాడు. స్వామి వంటింటి వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు.

"స్వామీ, ఇది ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. కీబోర్డు వద్దు, మౌసు వద్దు, వైర్లు వద్దు. రాయాలంటే అక్షరాలన్నీ ఈ అద్దం మీదే పైకొస్తాయి. పడుకోబెట్టి రాసుకోవచ్చు, నిలబెట్టి రాసుకోవచ్చు."

స్వామి ఆ నల్లటి అద్దంలోకి వంగి చూసి, గడ్డంలో చిక్కుకున్న చిక్కుడు పీచు తీసేసుకున్నాడు.

"బాగుందయ్యా. మరి ఆ రెండూ ఏం చేద్దామంటావు?"

"వ్యానులో పంపించేద్దాం స్వామీ. ఈ రోజుల్లో అవి ఎవరు వాడుతున్నారు?"

"సీతారావమ్మ వాడతంది గదా."

"అమ్మగారికి ఇది నేర్పుతాను. వారం రోజుల పని."

స్వామి ఇంకో నాలుగు కాయలు ఒలిచాడు. "ఆరాధన ఇంకా పది రోజులుంది. ఈ ఏడు చుక్కనయ్య శతకం నువ్వు రాయి, దీంట్లోనే రాయి. ఆ రోజు నీ ప్రతే చదువుకుందాం. మర్నాడు వ్యానులో ఏది ఎక్కించాలో నువ్వే చెబుదువుగాని. నేనేమీ అడ్డం చెప్పను."

అంకమరావుకి సంతోషం పట్టలేదు. స్వామి సగం ఒప్పుకున్నట్టే అనుకున్నాడు. రాతగదిలో ఏ వస్తువు ఉండాలో, ఏది పోవాలో ఇక తన ప్రతి మీద ఆధారపడి ఉంది.

ఆ ఆశ్రమంలో ఒక ఆనవాయితీ ఉంది. అక్కడే సమాధి అయిన చుక్కనయ్య చెప్పిన నూట ఎనిమిది పద్యాల శతకాన్ని ఏటేటా తాటాకుల నుంచి కొత్తగా ఎత్తి రాయాలి. పోయినేటి ప్రతిని ముట్టుకోకూడదు. ఆరాధన నాడు ఆ పద్యాలు ఒక్కొక్కటీ ఒక్కొక్క చీటీ మీద అచ్చవుతాయి. నూట ఎనిమిది మంది వరసలో వచ్చి తలా ఒకటి తీసుకుని, సమాధి ముందు నిలబడి పైకి చదివి, ఆ చీటీ ఇంటికి తీసుకుపోతారు. ఏడాది పొడుగునా ఆ పద్యం వాళ్ళది. చదువు రానివాళ్ళకి పక్కవాళ్ళు చదివి చెబుతారు. ఆఖరి పద్యం చదివేదాకా ఎవరికీ విస్తరి పడదు.

అన్నీ ఆటవెలదులే. ప్రతి పద్యం చివరా ఒకటే మకుటం: "చూపు నిలిపి చూడు చుక్కనయ్య." తాటాకు మీద పద్యానికీ పద్యానికీ మధ్య ఖాళీ ఉండదు, అంకె ఉండదు. తాటాకుకి కరువొచ్చినట్టు అక్షరాలన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి.

అంకమరావు ఆకుల కట్టని ఎడమ పక్క పీట మీద పెట్టుకుని, ట్యాబ్‌ని బల్ల మీద పడుకోబెట్టి మొదలుపెట్టాడు. అద్దం నున్నగా ఉంది. ఏ అక్షరం ఎక్కడుందో వేలికి తెలియదు, కంటికే తెలియాలి. అందుకని ఆకు మీద ఒక మాట చూడడం, తల తిప్పి అద్దం మీద ఆ మాట కొట్టడం, మళ్ళీ తల తిప్పి ఆకు చూడడం. సాయంత్రానికి మెడ పట్టేసింది. రెండో రోజు ట్యాబ్‌ని నిలబెట్టాడు. మెడ బాగుంది గాని చెయ్యి గాల్లో నిలబెట్టీ నిలబెట్టీ భుజం లాగేసింది. మూడో రోజు మళ్ళీ పడుకోబెట్టాడు. ఈ సంగతులేవీ ఎవరికీ చెప్పలేదు. అమృతాంజనం వాసన మాత్రం దానంతటదే చెప్పింది.

"మకుటం దగ్గర జాగర్త నాయనా," అంది సీతారావమ్మ తన కీబోర్డు ఆపకుండానే. "అన్ని చోట్లా ఒకటే పాదం."

కుర్చీ పోతుందని ఆమెకి దిగులని అంకమరావు అనుకున్నాడు. "చూసుకుంటానులే అమ్మా," అని ఊరుకున్నాడు.

ఆరు రోజుల్లో పని అయిపోయింది. అంత తొందరగా ఎవరూ ఎప్పుడూ పూర్తి చెయ్యలేదు. ఆకుల్లో అంకెలు లేవు గనక తనూ వెయ్యలేదు. చీటీలు అచ్చు తీసి, వరస తప్పకుండా బుట్టలో పేర్చాడు.

ఆరాధన నాడు పొద్దున్నే వరస కట్టారు. తాపీ మేస్త్రీలు, మిరప చేలల్లో కూలికి పోయేవాళ్ళు, ఒక కండక్టరు, ఇద్దరు టీచర్లు. బుట్ట పట్టుకుని చీటీలు పంచే పని అంకమరావుకే ఇచ్చాడు స్వామి. అచ్చు ముచ్చటగా ఉందని నలుగురూ అన్నారు. అంకమరావు వద్దు వద్దంటూనే మొహం నిండా నవ్వుకున్నాడు.

స్వామి సమాధి పక్కన కళ్ళు మూసుకుని వింటున్నాడు. మధ్యమధ్యలో ఒక వేలు ముడుస్తున్నాడు. జపమేమో అనుకున్నాడు అంకమరావు.

రెండు గంటలు గడిచాయి. చీటీ కోసం బుట్టలో చెయ్యి పెడితే అడుగు వెదురు తగిలింది. తలెత్తి చూశాడు. వరసలో ఇంకా ఏడుగురు ఉన్నారు.

ముందున్నవాడి పేరు యల్లమంద, నాపరాళ్ళ క్వారీలో రాయి కొట్టే మనిషి. చాచిన చెయ్యి కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత దాన్ని నెమ్మదిగా దించుకుని, "మాకు లేవా అయ్యా?" అన్నాడు. కోపంగా అనలేదు. చాలా చోట్ల అలా దించుకుని అలవాటైన చెయ్యిలా ఉంది అది.

అంకమరావుకి తల కొట్టేసినట్టయింది. బుట్ట తిరగేశాడు. కూర్చున్న చాప ఎత్తి చూశాడు. వంటింటి వైపు నుంచి పప్పు వాసన వస్తోంది, చదివినవాళ్ళంతా భోజనాల పంక్తుల్లో కూర్చుని ఇటే చూస్తున్నారు. తను నిజంగానే పప్పులో కాలేశాడని అతనికి అప్పటికి తెలిసింది.

స్వామి కళ్ళు తెరిచాడు. ఎడమ చేతి వేళ్ళు అయిదూ, కుడి చేతివి రెండూ ముడుచుకుని ఉన్నాయి.

"ఏడు," అన్నాడు. "ఆకుల్లో ఉన్నయ్యి. పోయి రాసుకురా."

అంకమరావు రాతగదిలోకి పరుగెత్తాడు. ఏడుగురూ వెనకాలే వచ్చి గోడవారగా నిలబడ్డారు. కట్ట విప్పి, తన ప్రతీ ఆకులూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఒక పద్యం మకుటం కొట్టి తలెత్తినప్పుడు, చూపు దాని మకుటం మీద కాక తర్వాతి పద్యం మకుటం మీద వాలిందని తేలింది. మధ్యలో పద్యం మొత్తం గల్లంతు. చూపు నిలపమని చెప్పే పాదం దగ్గరే అయ్యగారి చూపు నిలవలేదన్నమాట.

చెమటలు కక్కుతూ ఒక పద్యం కొట్టి, చీటీ తీసి యల్లమందకి ఇచ్చాడు. పక్కనున్న టీచరు దాన్ని చదవడం మొదలుపెట్టింది.

"ఇది ఇందాక మేస్త్రీ చదివిందే," అన్నాడు స్వామి గుమ్మంలోంచి.

మళ్ళీ తప్పింది. అంకమరావు మళ్ళీ ఆకుల మీదికి వంగాడు. ఆకు వైపు చూశాడు, అద్దం వైపు చూశాడు, మళ్ళీ ఆకు వైపు చూస్తే ఎక్కడ ఆపాడో తెలియలేదు. ఎటు చూసినా చుక్కనయ్యే.

స్వామి లోపలికి వచ్చి అతని పక్కనే స్టూలు మీద కూర్చున్నాడు. ఆకు మీద ఒక చోట చూపుడువేలు ఆనించి ఊరుకున్నాడు.

అంకమరావు ఆ మాట చూసి, తల దించి అద్దం మీద కొట్టాడు. తలెత్తేసరికి వేలు అక్కడే ఉంది. ఇంకో మాట చూసుకున్నాడు. వేలు ఒక్క మాట మేరకి జరిగింది. అలా మాట మాటకీ జరుగుతూ మకుటం దాకా వచ్చి ఆగింది. ఆ వేలు ఉన్నంతసేపూ ఒక్క అక్షరం తప్పలేదు. పద్యం తర్వాత పద్యం, ఏడూ వచ్చాయి. అర్ధగంట పైన పట్టింది. డెబ్భై ఆరేళ్ళ మనిషి ఆ అర్ధగంటా నడుం వాల్చకుండా, వేలు ఎత్తకుండా కూర్చున్నాడు.

ఏడుగురూ వెళ్ళి చదువుకున్నారు. విస్తళ్ళు పడ్డాయి.

స్వామి వేలు దులుపుకుని లేచాడు. చివర తాటాకు పొడి అంటుకుని ఉంది.

"రేపటినుంచి రోజూ వచ్చి ఇట్టా వేలు పెట్టుకుని కూర్చోమంటావా?" అన్నాడు. అడగడం మామూలుగానే అడిగాడు. జవాబు కోసం ఆగకుండా భోజనానికి వెళ్ళిపోయాడు.

అంకమరావు భోజనానికి వెళ్ళలేదు. సిగ్గుగా ఉంది, ఏడుపు కూడా వచ్చింది. అలాగే కూర్చున్నాడు.

కాసేపటికి సీతారావమ్మ వచ్చింది. వచ్చే నెల పుస్తకం పని మిగిలి ఉంది ఆమెకి. అతన్ని పలకరించకుండా తన ఆకుల కట్ట విప్పుకుని, కీబోర్డు దగ్గరికి లాక్కుంది. ఇన్నాళ్ళూ పక్కనే ఉన్నా అంకమరావు ఆమె పని చేస్తుంటే చూసింది లేదు, చప్పుడు విని విసుక్కోవడమే గాని. ఇప్పుడు చూశాడు. ఆమె వేళ్ళు మీటల గాడుల్ని తడుముకుంటూ వాటి దారిన అవి పోతున్నాయి. కళ్ళు మాత్రం ఆకు మీద నుంచి లేవలేదు. ఒక ఆకు అయిపోయింది. రెండోది అయిపోయింది. ఆమె కీబోర్డు వైపు ఒక్కసారైనా చూడలేదు.

ఇంకోటి కూడా చూశాడు. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్ళు అవి. చిన్న అక్షరాల కోసం ఆమె ముక్కు ఆకుకి ఆనేంతగా వంగిపోతోంది. మధ్యమధ్యలో నడుం పట్టుకుని నిటారుగా కూర్చుని, మళ్ళీ వంగుతోంది.

మర్నాడు పొద్దున వ్యాను వచ్చింది. డ్రైవరు వెనక తలుపు తీసి, "ఏవి సార్, ఎక్కించాల్సినవి?" అన్నాడు.

స్వామి వసారాలోనే ఉన్నాడు. తల తిప్పలేదు.

"ఏమీ లేవు బాబూ. టీ తాగి వెళ్ళు," అన్నాడు అంకమరావు.

లోపలికి వచ్చి ట్యాబ్‌ని రెండు చేతులా ఎత్తాడు. సీతారావమ్మ బల్ల మీద ఆకులు పెట్టుకునే పీట పక్కకి జరిపి, కీబోర్డు వెనక, కంప్యూటర్ తెర పక్కన, ఆమె కళ్ళ ఎత్తుకి దాన్ని నిలబెట్టాడు. ఆమె రాయబోయే ఆకుని ఫొటో తీసి దాని మీదికి తెచ్చి, రెండు వేళ్ళతో సాగదీశాడు. గంటం గీసిన అక్షరాలు బియ్యపు గింజలంత ఉన్నవి చింతగింజలంత అయ్యాయి.

ఆమె వంగబోయి, అవసరం లేదని తెలిసి, కుర్చీకి వీపు ఆనించింది.

అంకమరావు ఆమె పక్కన నేల మీద మోకాళ్ళు ఆనించి కూర్చున్నాడు.

"ఇంత చాలా అమ్మా, ఇంకా పెంచనా?"

"ఇంకొంచెం, నాయనా."