సూరమ్మ కొంగులో నాలుగు పనిముట్లు

గుమ్మలూరు కోటలోకి కరెంటు వచ్చి ఏడాది తిరగలేదు, రాజా చంద్రచూడ భూపతికి కొత్త ముచ్చట ఒకటి పుట్టింది. ఏ దీపం పోయినా పట్నం నుంచి మనిషి వచ్చేదాకా చీకట్లో కూర్చోవడం ఆయనకి నామోషీగా ఉంది. చిన్నాచితకా పనులకి కోటలోనే పనిముట్లు ఉండాలన్నాడు. అవేమిటో ఎవరు సరిగ్గా ఎంచుకొస్తే, దీపాల పెత్తనం వాళ్ళదే అన్నాడు.

ఆ మాటకి దీపాల సూరమ్మ గుండె గుభేలుమంది. ఆముదపు దీపాల కాలం నుంచీ ఆ పెత్తనం ఆవిడదే. ఈమధ్య కాస్త మతిమరుపు వచ్చిన మాటా నిజమే. నడుముకున్న తాళాలగుత్తి కోసం కోటంతా వెతుకుతూ, ఈ గలగల చప్పుడు ఎక్కడిదా అని ఆగి చూస్తుంది. దాన్ని పట్టుకుని రాజావారి మేనబావ భుజంగరాయలు, ముసలిదాన్ని ఇంటికి పంపేద్దామని రోజూ నూరిపోస్తున్నాడు. ఇంటికట. కోట కాక ఆవిడకి ఇల్లేదీ?

పోటీనాడు భుజంగరాయలు ఇద్దరు నౌకర్ల చేత పెద్ద పెట్టె మోయించుకొచ్చాడు. మూత తీస్తే దర్బారుకి కళ్ళు చెదిరాయి. సుత్తులు, రంపాలు, వెండి పిడి స్క్రూడ్రైవర్లు, ఒక్కోదాని మీదా ఆయన పేరు. ఏది దేనికి బావా అని రాజా అడిగితే, అలాంటివి కూలివాళ్ళు చూసుకుంటారని మీసం దువ్వుకున్నాడు.

సూరమ్మ కొంగుముడి విప్పింది. చెక్క పిడి స్క్రూడ్రైవరు, రబ్బరు తొడుగుల కటింగ్ ప్లేయరు, నల్ల టేపు చుట్ట, పెన్నులా సన్నటి టెస్టరు.

"ఇంతేనా మామ్మా?" అన్నాడు రాజా, కాస్త దిగులుగానే.

"తిప్పడానికొకటి, కొరకడానికొకటి, కప్పడానికొకటి, అడగడానికొకటి బాబూ. ఇంకా ఎక్కువైతే ఎక్కడ పెట్టానో మరిచిపోతాను."

సభ కిసుక్కుమంది. అడిగేది ఏదని భుజంగరాయలు అడిగితే టెస్టరు చూపించింది. తీగలో కరెంటుంటే అందులో బుల్లి దీపం వెలుగుతుందని చెప్పింది.

ఆయన విరగబడి నవ్వాడు. దర్బారు గోడ దీపం ఒకటి ఊడిందని ఇందాక తన చేత్తోనే మెయిన్ స్విచ్చి ఆపేసి వచ్చాడట. ఆపింది గుర్తున్నవాడికి ఈ పుల్లతో పనేమిటట. తను పుట్టినప్పుడు మంత్రసాని కట్టిన చీర రంగు కూడా తనకి జ్ఞాపకమట. రాజా తల కూడా అటే ఊగడం చూసింది సూరమ్మ. పెత్తనం జారిపోతోందని అర్థమైంది.

వెంటనే రెండు చేతులూ జోడించింది. అంత జ్ఞాపకం ఉన్న మహానుభావుడి ముందు తనెంత అంది. గోడ దీపం ఊడి తీగ కొస వేలాడుతోంది కదా, దాన్ని ఆయన ఒక్కసారి వేలితో పక్కకి తోస్తే చాలు, తాళాలగుత్తి ఇప్పుడే పాదాల దగ్గర పెట్టేస్తానంది.

భుజంగరాయలు ఉంగరాల చెయ్యి చాచి పెళ్ళికొడుకులా నడిచాడు. తీగకీ వేలికీ జానెడు దూరం. వెనకనించి సూరమ్మ తనలో తను గొణుక్కుంది.

"బాబు మెయిన్ ఆపింది బాబుకి గుర్తే. తర్వాత నేను అటువైపు వెళ్ళానో లేదో, నాకే గుర్తు రావడం లేదు."

వేలు ఆగిపోయింది.

"వెళ్ళి ఏం చేశావు?" అన్నాడు భుజంగరాయలు, తల తిప్పకుండానే.

"అదేగా బాబూ, గుర్తు రానిది."

ఆయన నౌకర్ల వైపు చూశాడు. నౌకర్లు దూలాల వైపు చూశారు. ఎవరినైనా మెయిన్ దగ్గరికి పంపమంటే, మీ జ్ఞాపకం మీద మీకే నమ్మకం లేకపోతే ఎలా బావా అన్నాడు రాజా, పెదవి కొరుక్కుంటూ. సరే వేలెందుకని ఆయన తన స్క్రూడ్రైవరు తీశాడు. తళతళలాడే వెండి పిడిని ఒకసారి చూసి, మళ్ళీ పెట్టెలో పెట్టేశాడు. నిగనిగలాడే మీసం మీదికి చెమట దిగింది. చివరికి చెయ్యి మెల్లగా వెనక్కి చాచాడు.

"మామ్మా, ఆ పుల్ల ఇలా ఇవ్వు."

దర్బారు ఘొల్లుమంది. రాజా సింహాసనం చేతులు పట్టుకుని నవ్వాడు, తలపాగా ఒళ్ళో పడింది. భుజంగరాయలు టెస్టరు తీగకి ఆనించాడు. దీపం వెలగలేదు. మెయిన్ ఆపింది ఆపినట్టే ఉంది.

"అయితే నువ్వు అటు వెళ్ళనే లేదా మామ్మా?" అన్నాడు రాజా, కళ్ళు తుడుచుకుంటూ.

"ఈ మోకాళ్ళతోనా బాబూ? ముసలిదాని ఒక్క మాటకే అంత జ్ఞాపకమూ ఎగిరిపోతుందని నేననుకున్నానా?"

రాజా లేచి తన శాలువా తీసి ఆవిడ భుజాల మీద కప్పాడు. ఊపిరి ఉన్నంతకాలం కోట దీపాలు మామ్మవే అన్నాడు. ఇక మెయిన్ వెయ్యమని కేకేశాడు.

దర్బారులో దీపాలన్నీ ఒక్కసారి వెలిగేసరికి, టెస్టరు చేతిలో పట్టుకుని భుజంగరాయలు వేసిన గెంతు చూసి, సూరమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.